కత్తిపోటు తిన్నవాళ్ళకి (మగవాళ్ళకి) ప్రభుత్వం నుంచి ఏమైనా ఉందా? వైజాగ్ వాళ్ళు చెప్పండి

గోపాలపట్నం_తమ్ముడు
మా అన్నయ్య రాత్రి షాపు కట్టేసి వస్తుంటే డబ్బులడిగి కడుపులో పొడిచారు. దగ్గర్లో ఉందని ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, ఇంటికొచ్చాడు. బిల్లు కోసం అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ 118 (కత్తిలాంటి ఆయుధంతో గాయపరచడం) రాశారు, 109 (హత్యాయత్నం) లేదు. ఒకడు దొరికాడు, మిగతావాళ్ళు ఎవరో తెలీదు. దొరికినవాడి తాలూకు మనుషులు షాపుకొచ్చి రాజీ రాజీ అంటున్నారు. నష్టపరిహారం ఇస్తారంటారు, నిజమేనా? ఎక్కడ అడగాలి? ఇంకోటి, అన్నయ్యకి రాత్రుళ్ళు నిద్ర లేదు, షట్టర్ చప్పుడైతే ఒణికిపోతున్నాడు. దానికెవరి దగ్గరికి వెళ్ళాలో కూడా చెప్పండి.

కంచరపాలెం_అక్క
బాబూ, ముందు ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌లో సఖి సెంటర్‌కి వెళ్ళండి. మా ఆడపడుచుని వాళ్ళాయన తల పగలగొట్టినప్పుడు అర్ధరాత్రి 181కి ఫోన్ చేశాం. తర్వాత సఖిలోనే డాక్టరుకి చూపించారు, కౌన్సెలింగ్ మేడమ్ మాట్లాడింది, కేసు పెట్టడానికి మనిషిని తోడు పంపారు. పిల్లతో సహా అక్కడే పడుకోనిచ్చారు. 5 రోజుల వరకు ఉండొచ్చట. ఈ రోజుల్లో సొంత అన్నదమ్ములు కూడా అంత చెయ్యరు. అప్పటికి మా మరిది ఫోనే ఎత్తలేదు, ఆ కథ వేరే.

ఉక్కు_క్వార్టర్స్
అక్కా, ఆయన అడిగేది అన్నయ్య గురించి. సఖి ఆడవాళ్ళకి. 181 ఆడవాళ్ళకి. దిశ యాప్ ఆడవాళ్ళకి, దాని బదులు 2025లో వచ్చిన శక్తి యాప్ కూడా ఆడవాళ్ళకే. వద్దనట్లేదు, ఉండాలి. మరి మగాడు రోడ్డు మీద కత్తిపోటు తింటే ఫోన్ చెయ్యడానికి 112 తప్ప ఏముంది? ఆ 112 కూడా జీపు పంపడం వరకే. తర్వాత వాడి చావు వాడు చావాలి. నాకు గాజువాకలో ఫోన్ లాక్కుంటూ చెయ్యి కోసేశారు. కుట్లు వేయించుకుని మర్నాడు డ్యూటీకెళ్ళాను. ఎలా ఉన్నావని అడిగిన ప్రభుత్వం లేదు.

900కె
తమ్ముడూ, ఆ ఆస్పత్రి మీద ముందు కంప్లయింట్ ఇవ్వు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 397 ప్రకారం బాధితులకి ప్రైవేట్ ఆస్పత్రి అయినా ఉచితంగా వైద్యం చెయ్యాలి. డబ్బు తీసుకున్నారంటే జైలే. గాజులు విడిపించుకోవచ్చు.

కోర్టు_బయట
900కె గారూ, సగం చదివి సలహా ఇవ్వకండి. జిల్లా కోర్టు మెట్ల మీద జుట్టు నెరిసినవాణ్ణి, నాకు తెలుసు. 397లో ఉన్నది యాసిడ్ దాడి, అత్యాచారం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు) కేసులు. కత్తిపోటు అందులో లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: ప్రాణం మీదికొస్తే పోలీసు కాగితం కోసం ఆగకుండా ముందు వైద్యం చెయ్యాలని. బిల్లు వెయ్యొద్దని కాదు.

900కె
సెక్షన్ పేరే 'బాధితులకు చికిత్స' సార్. కత్తిపోటు తిన్నవాడు బాధితుడు కాదా? ఇలా అడ్డం చెప్పేవాళ్ళ వల్లే ఆస్పత్రులు జనాన్ని పిండుతున్నాయి.

కోర్టు_బయట
పేరు చూసి తీర్పు రాసేస్తారా? లోపల సెక్షన్ నంబర్లున్నాయి, లెక్కపెట్టుకోండి. మీ మాట నమ్మి ఆ కుర్రాడు ఆస్పత్రితో తగాదా పెట్టుకుంటే, రేపు ఊండ్ సర్టిఫికెట్ (గాయాల సర్టిఫికెట్) కోసం ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. అప్పుడు మీరొస్తారా?

900కె
వస్తాను. అడ్రస్ పెట్టమనండి.

పెందుర్తి_కుర్రోడు
గొడవ ఆపి నా సంగతి వినండి. క్రికెట్ గొడవలో నా ముందు పన్ను విరగ్గొట్టారు. స్టేషన్‌లో మామూలు దెబ్బ కింద రాసి, కేసు పెట్టాలంటే కోర్టుకెళ్ళమన్నారు. పన్ను విరిగితే తీవ్ర గాయం కాదా?

కోర్టు_బయట
అవుతుంది. బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షల కొత్త చట్టం) 116లో ఎముక గానీ పన్ను గానీ విరిగినా, స్థానం తప్పినా తీవ్ర గాయమే. డాక్టరు సర్టిఫికెట్‌లో ఏం రాశాడు?

పెందుర్తి_కుర్రోడు
'వదులుగా ఉంది' అని రాశాడు. తర్వాత ఇంటికొచ్చాక ఊడిపోయింది.

ఉక్కు_క్వార్టర్స్
😂 తర్వాత ఊడితే దానికి ఇంకో ఎఫ్‌ఐఆర్ కావాలేమో.

ఎర్రమట్టి_దిబ్బలు
నవ్వకండి, పాయింటే. మా బంధువుకి అదే జరిగింది. 20 రోజులు మంచాన పడితే తీవ్ర గాయం అన్నారు. ఆయన పద్దెనిమిదో రోజుకే పనిలోకి వెళ్ళిపోయాడు, కేసు తేలికైపోయింది.

కోర్టు_బయట
20 పాత ఐపీసీలో. ఇప్పుడు 15 రోజులు.

ఎర్రమట్టి_దిబ్బలు
నేను మొన్ననే ఒక లాయరుని అడిగాను, 20 అన్నారు.

కోర్టు_బయట
గొడవ ఎప్పుడు జరిగింది? 2024 జులై 1కి ముందైతే పాత చట్టం, 20. తర్వాతైతే 15. లాయర్ని మార్చండి.

ఎర్రమట్టి_దిబ్బలు
ముందు జరిగిందే. అంటే మా లాయరు చెప్పింది కరెక్టే కదా, ఎందుకంత ఎగురుతారు?

కంచరపాలెం_అక్క
పాపం ఆ అబ్బాయి ఏదో అడిగితే మీరు పళ్ళు లెక్కపెడుతున్నారు.

సింహాచలం_మెట్లు
అసలు 118, 109 సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, ఎఫ్‌ఐఆర్‌లో రాసిందే ఆఖరు కాదు. దర్యాప్తు మధ్యలో సెక్షన్ మారుస్తారు, కోర్టుకి మెమో వేస్తారు. మా బావ కేసులో అలాగే మారింది. మేం చేసింది ఒకటే: ఆపరేషన్ చేసిన డాక్టరు రాసిన నోట్సులో గాయం ఎంత లోతు, ఏ అవయవం తెగింది, ప్రాణాపాయమా అన్నది స్పష్టంగా ఉండేలా చూసుకున్నాం. అది జతచేసి ఎస్‌ఐకి, ఏసీపీకి కాగితం రాసి ఇచ్చాం. నోటితో చెప్తే గాల్లో కలిసిపోతుంది. చంపాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది తేల్చేది ఆయుధం, గాయం ఉన్న చోటు, ఎన్నిసార్లు పొడిచారు, పొడుస్తూ ఏమన్నారు అన్నవే. అన్నయ్య స్టేట్‌మెంట్‌లో వాళ్ళన్న మాటలు ఉన్నాయో లేదో చూసుకోండి. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో బాధితుడికి చెప్పడం ఇప్పుడు పోలీసుల బాధ్యత, బీఎన్‌ఎస్‌ఎస్ 193లో ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

ఉక్కు_క్వార్టర్స్
అసలు ఇదంతా గంజాయి బ్యాచ్‌ల పని. సాయంత్రమైతే ఖాళీ స్థలాల్లో వాళ్ళే. సీసీ కెమెరా ఉంటుంది, అది మాత్రం పనిచెయ్యదు.

900కె
మా వీధి కెమెరా మూడు నెలలుగా ఆకాశాన్ని చూస్తోంది.

ఎర్రమట్టి_దిబ్బలు
మా బంధువు కేసులో రెండు స్టేషన్ల వాళ్ళు రోడ్డుకి ఆ పక్క మీది, ఈ పక్క మాది అని వాదించుకున్నారు, రక్తం కారుతుండగా. ఇప్పుడైతే జీరో ఎఫ్‌ఐఆర్ చట్టంలోనే ఉంది, ఎక్కడైనా రాసుకోవాలి. రాసుకోకపోతే పోస్టులో పైఅధికారికి పంపొచ్చు, మనకి కమిషనరేట్ కాబట్టి సీపీ (పోలీస్ కమిషనర్) గారికి. అదీ కాకపోతే మేజిస్ట్రేట్.

మేహాద్రి
మా చిన్నాన్నని చంపేశారు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు కాబట్టి పరిహారం కలెక్టర్ గారి ద్వారా వచ్చింది. 2016లో మార్చిన రూల్స్ ప్రకారం హత్య అయితే 8.25 లక్షలు. సగం పోస్టుమార్టం అయ్యాక, మిగతాది ఛార్జిషీటు కోర్టుకెళ్ళాక. పిన్ని సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకుంది. అడగకుండా ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

వాల్తేరు_గాలి
మీకైతే అన్నీ ఉంటాయి లెండి.

మేహాద్రి
మనిషి పోయాడండి. ఆ లక్షలు మీరు తీసుకుని మా చిన్నాన్నని ఇవ్వగలరా? మాట్లాడేముందు కొంచెం చూసుకోండి.

నిర్వాహకుడు
వాల్తేరు_గాలి గారికి ఇదే హెచ్చరిక. ఇంకో విషయం, పైన ఒకరు అత్యాచార కేసు గురించి రాస్తూ అపార్ట్‌మెంట్ పేరు, అమ్మాయి చదివే కాలేజీ పెట్టారు. తీసేశాను. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం బీఎన్‌ఎస్ 72 కింద నేరం. పేరు రాయలేదు కదా అని వాదించకండి, ఎవరో తెలిసిపోయేలా రాసినా అంతే.

కోర్టు_బయట
తమ్ముడూ, నష్టపరిహారం నేను చూసుకుంటా. కాగితాలన్నీ తయారుచేయిస్తా, వచ్చాక ఏదో చూసుకుందాం. నంబర్ మెసేజ్ చెయ్యి.

సింహాచలం_మెట్లు
ఇదిగో, అసలు రంగు బయటపడింది. తమ్ముడూ, ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దరఖాస్తుకి ఫీజు లేదు.

కోర్టు_బయట
నేను బ్రోకర్ననా? ఎంతమందికి ఊరికే రాసిపెట్టానో మీకు తెలుసా?

900కె
'వచ్చాక ఏదో చూసుకుందాం' అంటే ఊరికేనా సార్? లోపల నంబర్లున్నాయి, లెక్కపెట్టుకోమంటారా?

కోర్టు_బయట
మంచికి రోజులు కావివి. నేను ఈ చర్చలోంచి పోతున్నా.

సింహాచలం_మెట్లు
మంచిది. తమ్ముడూ, రాసుకో. పాత సీఆర్‌పీసీలో 357ఎ, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 396. దాని కింద ప్రతి రాష్ట్రానికీ బాధితుల పరిహార పథకం ఉండాలి. మగ, ఆడ తేడా లేదు. కేసు గెలిచేదాకా ఆగమని ఎవరైనా అంటే నమ్మొద్దు. నేరస్థుడు దొరక్కపోయినా, ఎవరో తెలియక విచారణే జరక్కపోయినా బాధితుడే నేరుగా సేవాధికార సంస్థకి అర్జీ పెట్టుకోవచ్చు. విచారించి 2 నెలల్లో తేల్చాలని చట్టం. తేల్చడం ఒకటి, డబ్బు అకౌంట్లో పడటం ఒకటి, మా బావకి ఆ రెండో దానికే ప్రాణం విసిగింది. అయినా వచ్చింది. మధ్యంతర సాయం కూడా అడుగు, అడిగితేనే చూస్తారు. ఎఫ్‌ఐఆర్, ఊండ్ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకెళ్ళు. షాపు మూసి ఉన్న రోజుల ఆదాయం ఎంత పోయిందో కూడా రాయి. బిల్లు మొత్తం వస్తుందని మాత్రం ఆశపెట్టుకోకు. వెళ్ళేముందు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి కనుక్కో.

కంచరపాలెం_అక్క
ఆడవాళ్ళకి వేరే లెక్క ఉందని సఖిలో చెప్పారు.

సింహాచలం_మెట్లు
ఉందమ్మా. 2018లో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) తయారుచేసిన పథకం, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. యాసిడ్ దాడిలో ముఖం పాడైతే 7 నుంచి 8 లక్షలు, సామూహిక అత్యాచారమైతే 5 నుంచి 10 లక్షలు, అలా పట్టిక ఉంది. కనీసం ఇంత అని రాసి ఉంది కాబట్టి అడగడం తేలిక.

ఉక్కు_క్వార్టర్స్
చెప్పానా. మగాడి కోసం అలాంటి జాతీయ పట్టిక చూపించండి ఎవరైనా. లాయరు కూడా అంతే, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం, మనకేమో ఆదాయ సర్టిఫికెట్.

మేహాద్రి
ఎస్సీ, ఎస్టీలకీ, పిల్లలకీ కూడా ఆదాయం అడగరు. షాపు మీద బతికేవాడికి ఆదాయ సర్టిఫికెట్ పెద్ద కష్టమేం కాదు, తహసీల్దార్ ఆఫీసుకి వెళ్ళాలి, అంతే. ప్రతిదానికీ మగాడు మగాడు అని ఏడవకండి.

గోపాలపట్నం_తమ్ముడు
అందరికీ థాంక్స్. సింహాచలం_మెట్లు గారూ, రాజీ మనుషుల సంగతి? నిన్న మళ్ళీ వచ్చారు. షాపులో అమ్మ ఒక్కతే ఉంది. 'పిల్లలు గలవాళ్ళు మీరు' అని చెప్పి వెళ్ళారు.

సింహాచలం_మెట్లు
అదే బెదిరింపు. తేదీ, టైము, ఎవరెవరు, ఏమన్నారు, అన్నీ రాసి ఈరోజే స్టేషన్‌లో ఇచ్చి, కాపీ మీద సంతకం పెట్టించుకో. అబద్ధం సాక్ష్యం చెప్పమని బెదిరించడం వేరే నేరం, బీఎన్‌ఎస్ 232. 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి గారి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టొచ్చు, పోలీసుల దగ్గర్నుంచి ముప్పు ఎంతో రిపోర్టు తెప్పించుకుంటారు. దొరికినవాడు బెయిల్ అడుగుతాడు. అప్పుడు మీ మాట కూడా వినాలని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పీపీ (ప్రభుత్వ లాయరు) గారిని ముందే కలిసి ఈ కంప్లయింట్ కాపీ చేతిలో పెట్టండి.

కోర్టు_బయట
ఒక్క మాట చెప్పి పోతా. రాజీకి తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. 109 పడితే అది రాజీ అయ్యే కేసు కాదు, అందుకే వాళ్ళకి అంత తొందర.

900కె
పోతానని ఇంకా పోలేదా సార్? ఇది మాత్రం మంచి మాటే.

చినవాల్తేరు_నర్సు
నిద్ర సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. షట్టర్ చప్పుడికి ఒణకడం పిరికితనం కాదు, అంత దెబ్బ తిన్నాక చాలామందికి వస్తుంది. నెల దాటినా తగ్గకపోతే వైద్యం కావాలి, ఉంది కూడా. ముందు టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, మగ ఆడ అని అడగరు. మనిషికి చూపించాలంటే కేజీహెచ్ సైకియాట్రీ ఓపీ, లేదా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్ళు మొహం తిప్పుకుంటారు, పట్టించుకోకండి. నిద్ర కోసం మద్యం తాగిస్తున్నారేమో చూసుకోండి, ఫ్రెండ్స్ ముందు ఇచ్చే సలహా అదే. కొన్నాళ్ళు షాపు షట్టర్ వేరేవాళ్ళు దించండి.

గోపాలపట్నం_తమ్ముడు
మేడమ్, మందు సంగతి ఎలా తెలిసింది? రెండు రోజుల నుంచి అదే జరుగుతోంది. రేపు పొద్దున్నే ఓపీకి తీసుకెళ్తాను.

చినవాల్తేరు_నర్సు
తీసుకెళ్ళండి. డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్సు పట్టుకెళ్ళండి, కడుపు ఆపరేషన్ అయింది కాబట్టి ఏ మాత్రలు వాడుతున్నాడో వాళ్ళకి తెలియాలి. ఒరిజినల్ ఎక్కడా ఇవ్వకండి, అది సేవాధికార సంస్థలో చూపించాలి.

తగరపువలస_బండి
మా తోడల్లుడిని బైక్ గుద్ది ఆగకుండా పోయింది, కాలు విరిగింది. ఇదే అర్జీ పనికొస్తుందా?

సింహాచలం_మెట్లు
అది వేరే. హిట్ అండ్ రన్‌కి 2022 ఏప్రిల్ నుంచి సొంత పథకం ఉంది, చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. ఆర్డీవో ఆఫీసులో అడగండి. బండి నంబరు ఎవరైనా చూసి ఉంటే మాత్రం దారి మారిపోతుంది. కొత్త చర్చ పెట్టండి, ఇక్కడ రాస్తే మళ్ళీ పన్ను దగ్గరికే వెళ్తుంది.