రావి ఆకు పెండెంట్: అంచుల్లో రాగి బుడిపెలు, మధ్యలో పూతే పట్టలేదు

తిరుచానూరు_ఆకులు:
రావి ఆకును ఈనెలు మాత్రమే మిగిలేలా చాకలి సోడాలో ఉడికించి, దానిమీద కరెంటుతో రాగి పూత వేస్తున్నాను. ఆకు 5 సెం.మీ. పొడవు, 4 వెడల్పు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో మైలుతుత్తం 200 గ్రాములు, బ్యాటరీ యాసిడ్ 130 మి.లీ. వార్నిష్‌లో గ్రాఫైట్ పొడి కలిపి ఆకుకు పూశాను. పాత ఫోన్ చార్జర్ తగిలిస్తే మీటర్‌లో 1.2 ఆంపియర్లు. రెండు గంటలకు తోక, అంచులు బుడిపెలు కట్టాయి, గోటితో గీకితే ముదురు గోధుమరంగు పొడి రాలుతోంది. నడిమధ్య గ్రాఫైట్ నల్లగా అలాగే ఉంది. ద్రావణం తేడా కొట్టిందంటారా?

పలమనేరు_కంసాలి:
ద్రావణం బాగానే ఉందండీ, కరెంటే ఎక్కువ. మీ ఆకు రెండు వైపులా కలిపి దాదాపు 24 చదరపు సెం.మీ. చదరపు డెసిమీటరుకు (అంటే 100 చదరపు సెం.మీ.కు) 1 నుంచి 1.5 ఆంపియర్ల లెక్కన 0.3 ఆంపియర్ చాలు. మీరిస్తున్నది నాలుగింతలు. ఆకును ఆనుకుని ఉన్న నీళ్లలో రాగి తరిగిపోయేంత వేగంగా లాగితే గట్టి లోహం కూర్చోదు, పొడి కూర్చుంటుంది. చార్జర్‌కు కరెంటు కట్టడి చేసే వీలు లేదు. కరెంటును ఒకచోట నిలిపే బెంచ్ పవర్ సప్లై కొనండి, అప్పుడు వోల్టేజీ 1 కంటే తక్కువే చూపిస్తుంది, కంగారు పడకండి.

మొదట 0.1 దగ్గర పెట్టి, ఆకంతా గులాబీ రంగు కమ్మాక 0.3కు పెంచండి. గంటకు 16 మైక్రాన్ల చొప్పున 12 గంటల్లో 200 మైక్రాన్ల మందం వస్తుంది. నాలుగు గ్రాములకు కాస్త పైన రాగి ఎక్కుతుంది. అంతకంటే పలచనైతే మెడలో నిలవదు, వంగిపోతుంది.

రావి ఆకు తోకతో మాత్రం ఎప్పుడూ పేచీయే. మొనల దగ్గరకే కరెంటు పరుగెత్తుతుంది. ఆకు చుట్టూ సెంటీమీటరు ఎడంగా ఒట్టి రాగి తీగను చుట్టి, అదే మైనస్‌కు కలపండి. అదనపు కరెంటును ఆ తీగ మింగుతుంది. తీగ వైశాల్యాన్ని కూడా లెక్కలో వేసుకుని కరెంటు పెంచాలి. ప్లస్ వైపు రాగి రేకులు ఆకుకు ఇరువైపులా 8–10 సెం.మీ. దూరంలో ఉండాలి. ఆకు చుట్టూ చుట్టడానికి మోటార్ వైండింగ్ తీగ వాడేటట్టయితే దాని మీది ఎనామిల్ పూత గీకేయాలి, లేకపోతే కరెంటే పారదు.

గాజులమండ్యం_గ్రాఫైట్:
మధ్యలో పట్టకపోవడం వేరే జబ్బు. వార్నిష్ ఎక్కువైతే గ్రాఫైట్ రేణువులు ఒకదానికొకటి తగలవు. పూత ఆరాక మెత్తటి బ్రష్‌తో పొడి గ్రాఫైట్‌ను రుద్దండి, పెన్సిల్ గీతలా మెరవాలి. తర్వాత మల్టీమీటర్‌తో కాడ నుంచి తోక కొస దాకా చూడండి. కొన్ని వందల ఓమ్‌లైతే ద్రావణంలోకి దించేయొచ్చు, మెగా ఓమ్‌లలో ఉంటే మళ్లీ పూయాల్సిందే. ఉడికించిన సోడా ఆకులో మిగిలినా వార్నిష్ పొరలుగా లేస్తుంది. కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లలో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

తిరుచానూరు_ఆకులు:
సరేనండీ, పవర్ సప్లై తెప్పిస్తాను. గొలుసుకు రింగు పూత అయ్యాక అతికించాలా? అలాగే గురివింద గింజ, ఎర్రచందనం కాయ కూడా ఇలాగే చేయొచ్చా?

పలమనేరు_కంసాలి:
రింగు ముందే. తర్వాత మంట పెడితే లోపలి ఆకు మాడి, పూత ఉబ్బుతుంది. రాగి రింగును కాడకు రెండు ట్యూబుల్లోవి కలిపి వాడే ఎపాక్సీ జిగురుతో అతికించి, జిగురుమీద కూడా గ్రాఫైట్ పూయండి. రాగి రెండింటినీ కలిపి పట్టేస్తుంది.

గురివింద గింజ పెంకు పగలనంతవరకు ఇబ్బంది లేదు. బెజ్జం మాత్రం వేయొద్దు, లోపలి పప్పులో అబ్రిన్ అనే విషం ఉంది, ఆ పొడి ఊపిరిలోకి పోతే ప్రాణానికే ముప్పు. చుట్టూ రాగి గూడు కట్టి బిగించండి.

ఎర్రచందనం కాయ చుట్టూ రెక్కతో గుండ్రంగా, పెండెంట్‌కని పుట్టినట్టే ఉంటుంది. శేషాచలం అడవిలో రాలినదైనా అనుమతి లేకుండా ఏరుకు రావొద్దు, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోనైతే నేరమే. పట్టా భూమిలో పెంచిన చెట్టు కాయ దొరికితే సరి. బాగా ఎండబెట్టి వార్నిష్ రెండు పూతలు వేయండి. కాయలో తేమ ఉంటే పూత కింద బుడగ లేస్తుంది. లోపల గాలి ఉండి తేలుతుంది కాబట్టి గట్టి రాగి తీగకు వేలాడదీయాలి.

గాజులమండ్యం_గ్రాఫైట్:
ఎండాకాలం తొట్టి మూత తీసి ఉంచితే నీళ్లు ఆవిరై అడుగున తుత్తం పలుకులు కడతాయి. తగ్గినమేరకు డిస్టిల్డ్ వాటర్ పోయండి, కుళాయి నీళ్లు వద్దు. కొత్తగా కలిపేటప్పుడు యాసిడ్‌ను నీళ్లలోకే పోయాలి, తిరగేసి కాదు. వాడిన ద్రావణాన్ని వడగట్టుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కాలవలో పారబోస్తే చేపలు చస్తాయి.