సేవ్డ్ బై ద బెల్: ఏ వరసలో చూడాలి? మధ్యలో స్కూలెందుకు మారిపోతోంది?

హంసధ్వని22:
స్కూలు పిల్లల మీద వచ్చిన పాత అమెరికన్ టీవీ కామెడీ ‘సేవ్డ్ బై ద బెల్’ మొదట్నుంచీ చూద్దామని కూర్చుంటే అంతా గందరగోళంగా ఉంది. ఒక ఎపిసోడ్‌లో జాక్, స్క్రీచ్, లీసా ఇండియానాపొలిస్‌లో ఉంటారు, కథంతా మిస్ బ్లిస్ అనే టీచరమ్మది. ఇంకోదాంట్లో అదే పిల్లలు కాలిఫోర్నియాలో, బేసైడ్ హైస్కూల్లో. ప్రిన్సిపాల్ బెల్డింగ్ కూడా అక్కడే! చివరి సీజన్లో కెల్లీ, జెస్సీ ఉన్నట్టుండి మాయమై టోరీ అనే అమ్మాయి వస్తుంది. తీరా గ్రాడ్యుయేషన్‌కి వాళ్లిద్దరూ హాజరు, టోరీ ఊసే లేదు. నా దగ్గరున్న లిస్టే తప్పా? రీరన్ కాపీల్లో సీన్లు తెగినట్టు కూడా అనిపిస్తోంది.

పాతటీవీ_పెట్టె:
లిస్టు తప్పు కాదండీ, అందులో రెండు షోలు కలిసిపోయాయి. మొదటిది ‘గుడ్ మార్నింగ్, మిస్ బ్లిస్’. 1987లో ఎన్‌బీసీ అనే అమెరికన్ చానల్ పైలట్ (నమూనా ఎపిసోడ్) ఒకటి వేసి ఊరుకుంది. తర్వాత 1988-89లో డిస్నీ చానల్లో 13 ఎపిసోడ్లు వచ్చాయి, టీచరుగా హేలీ మిల్స్. అక్కడ ఆగిపోయాక అదే నిర్మాత పీటర్ ఎంగెల్ ఎన్‌బీసీకి కథను టీచరు మీంచి పిల్లల మీదకు తిప్పాడు. జాక్, స్క్రీచ్, లీసా, బెల్డింగ్‌లను ఉంచుకుని కెల్లీ, స్లేటర్, జెస్సీలను చేర్చాడు. 1989 ఆగస్టులో మొదలైన ‘సేవ్డ్ బై ద బెల్’ అదే. ఊరెందుకు మారిందంటే కథలో జవాబు లేదు, వెతక్కండి.

రెండూ కలిసింది సిండికేషన్‌లో. అంటే పాత ఎపిసోడ్లను ఊరూరి స్టేషన్లకు అమ్మడం. వాళ్లు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున వేస్తారు కాబట్టి, ఎన్ని ఎక్కువుంటే మళ్లీ మొదటికి రావడానికి అంత సమయం పడుతుంది. ఎన్‌బీసీవి 86, అంటే పదిహేడు వారాల సరుకు. మిస్ బ్లిస్‌వి 13 కలిపితే 99. అందుకని వాటికి కొత్త టైటిల్ సాంగ్ తగిలించి, ఇవి మా జూనియర్ హై రోజుల సంగతులంటూ జాక్ చేత ముందు నాలుగు మాటలు చెప్పించారు. అలాంటి పరిచయం కనిపించినా, నిక్కీ, మైకీ అనే పిల్లలు కనిపించినా అది పాత షోదే.

వరసక్రమం:
పై 13 పక్కన పెట్టేయండి. చూడాలనిపిస్తే విడిగా చూడొచ్చు, కథకేమీ లోటు రాదు.

బేసైడ్ మొదలుపెట్టేది మాత్రం ‘కింగ్ ఆఫ్ ది హిల్’తో. స్లేటర్ కొత్తగా స్కూల్లో చేరేది అందులోనే. ముందు తీసింది అదే అయినా ప్రసారమైంది మొదటి సీజన్ చివర్లో. ప్రసారం ప్రకారం మొదటిదైన ‘డ్యాన్సింగ్ టు ది మ్యాక్స్’తో మొదలుపెడితే స్లేటర్ అప్పటికే పాతకాపులా తిరుగుతుంటాడు, జాక్‌తో ఆ పోటీ ఎక్కడ మొదలైందో అర్థం కాదు.

మూడో సీజన్లో మాలిబు శాండ్స్ బీచ్ క్లబ్బువి ఆరున్నాయి. ఆరూ వరసగా చూసేయండి, చివరిది ‘ది లాస్ట్ వీకెండ్’. మధ్యలో స్కూలు ఎపిసోడ్ దూరితే జాక్‌కీ, ఆ క్లబ్బులో ఉండే స్టేసీ అనే అమ్మాయికీ మధ్య వ్యవహారం తెగిపోతుంది.

‘హవాయియన్ స్టైల్’ నిజానికి 1992 నవంబరులో వచ్చిన టీవీ సినిమా. రీరన్లలో నాలుగు ముక్కలు చేశారు. లిస్టులో నాలుగు భాగాలుగా కనబడితే ఒకే బిగిన కలిపి చూడండి.

గంటకొట్టారు:
టోరీ సంగతి. చివరిదనుకున్న సీజన్ తీసేశారు, గ్రాడ్యుయేషన్‌తో సహా. ఆ తర్వాత ఎన్‌బీసీ ఇంకొన్ని కావాలంది. కెల్లీ, జెస్సీ వేసిన టిఫనీ ఆంబర్ థీసెన్, ఎలిజబెత్ బర్క్లీ వాటికి ఉండలేదు. ఆ ఖాళీలోకి టోరీగా లియానా క్రీల్‌ని తెచ్చారు. ముందే తీసిన గ్రాడ్యుయేషన్లో టోరీ ఎలా ఉంటుంది మరి? పైగా ప్రసారంలో రెండు రకాలనూ కలిపేశారు. ఒక వారం కెల్లీ ఉంటుంది, మరో వారం ఆ పేరే ఎవరూ ఎత్తరు.

నా సలహా: టోరీవి పది. వాటిని ఏరి, కెల్లీ ఉన్న మామూలు ఎపిసోడ్లన్నీ అయ్యాక, గ్రాడ్యుయేషన్‌కు ముందు ఒక కట్టగా పెట్టండి. లెదర్ జాకెట్ అమ్మాయి కనిపిస్తే ఆ కట్టలోది.

వరసక్రమం:
గంటకొట్టారు గారూ, అలా చేస్తే గ్రాడ్యుయేషన్ ముందు పది ఎపిసోడ్ల పాటు కెల్లీ, జెస్సీ కనబడరు. ముగింపు చప్పబడుతుంది. టోరీ పదీ సీజన్ మొదట్లోనే కానిచ్చేస్తే, ఆ తర్వాత పాత గుంపుతోనే గ్రాడ్యుయేషన్ దాకా వెళ్లొచ్చు. అతుకు ఎలాగూ కనిపిస్తుంది, ముగింపు దగ్గర కనిపించకుంటే చాలు.

పాతటీవీ_పెట్టె:
దీనికి నా ఓటు వరసక్రమం గారికే.

సీన్లు తెగడం మీ భ్రమ కాదు. స్థానిక స్టేషన్లు ప్రకటనలు ఎక్కువ పెట్టుకోవడానికి రీరన్ కాపీల్లో ఒకటి రెండు నిమిషాలు కోస్తారు. కథ ఆగకూడదు కాబట్టి కత్తెర పడేది ఉపకథలకు, విడిగా నిలబడే జోకులకు. స్క్రీచ్ లాంటి పాత్రకు దెబ్బ ఎక్కువ. కొన్ని స్టేషన్లు కోయకుండా వేగం కాస్త పెంచుతాయి, అప్పుడు గొంతులు సన్నబడి, మాటలు హడావిడిగా వినిపిస్తాయి. ఒకే ఎపిసోడ్ రెండు కాపీలు దొరికితే నిడివి చూసి ఎక్కువున్నది తీసుకోండి. ప్రకటనలు తీసేశాక 22 నిమిషాలకు అటూ ఇటూగా ఉంటే ఫర్వాలేదు, 20 దాకా పడిపోతే కోసిన కాపీ అయ్యే అవకాశం ఎక్కువ.

హంసధ్వని22:
అయితే ‘కింగ్ ఆఫ్ ది హిల్’తో మొదలుపెడతా. గ్రాడ్యుయేషన్ అయ్యాక, దీని కొనసాగింపు షో ‘ది కాలేజ్ ఇయర్స్’ ఎక్కడ పెట్టాలి?

గంటకొట్టారు:
నేరుగా దాని తర్వాతే. 1993-94లో ఒక్క సీజన్, 19 ఎపిసోడ్లు. పైలట్లో కెల్లీ ఉండదు, తర్వాత చేరుతుంది, కంగారుపడకండి. అది అయ్యాక 1994 నాటి లాస్ వేగస్ పెళ్లి సినిమా. ‘ది న్యూ క్లాస్’ అనే మరో కొనసాగింపు షో జోలికి ఇప్పుడే వెళ్లకండి, అందులో పిల్లలు వేరు.