తాత ట్రంకుపెట్టెలో రెండు మెడల్స్: ఇవి దేనికిచ్చారో చెప్పగలరా?

ప్రశ్న (మనవరాలు, ఆమదాలవలస):
అందరికీ నమస్కారం. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, పోయిన నెల 79 ఏళ్ళకి కాలం చేశాడు. మిలిటరీలో చేశాడని తెలుసు. యుద్ధం గురించి అడిగితే మాత్రం ‘బెంగాల్‌లో ఉన్నాన్లే’ అని లేచి పశువులకి గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయేవాడు.

పెద్దకార్యం అయ్యాక అటక మీది నల్ల ట్రంకుపెట్టె దించాం. డిశ్చార్జి బుక్కుని చెదలు తినేశాయి, ‘ఎం.ఇ.జి.’ అన్న అక్షరాలు మిగిలాయి. చేతిగుడ్డలో చుట్టి రెండు మెడల్స్, ఒకటి నక్షత్రంలా, ఒకటి గుండ్రంగా. గుండ్రటి దాని అంచు మీద ఏవో అంకెలు, తాత పేరు సన్నగా చెక్కి ఉన్నాయి. అమ్మమ్మ చింతపండు పెట్టి తోముతానంటే ఆపాను.

నేనెరిగిన తాత వేరు. ఊళ్ళో ఎవరింట బిడ్డ పుట్టినా చీర ఉయ్యాలకి ముడి ఆయనే వెయ్యాలి. వేశాక, పసిబిడ్డకంటే ముందు బియ్యం బస్తా పెట్టి ఊపి చూసేవాడు. రుబ్బురోలు కదపాలన్నా ‘ఆరుగురు రాండి’ అని కేకేసేవాడు, నలుగురు చాలంటే ఒప్పుకునేవాడు కాదు. శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆగి, స్తంభాల మొదళ్ళకేసి చూస్తూ ఉండిపోయేవాడు.

సంవత్సరీకానికి ఆయన గురించి ఒక పేజీ రాసి అందరి ముందూ చదవాలని ఉంది. సైన్యంలో ఆయన చేసిన పనేమిటి?

జవాబు (మాజీ హవల్దార్, విజయనగరం):
అమ్మా, ముందు తాతగారికి నా సెల్యూట్. నేనూ అదే గ్రూపు, ఆయనకి చాలా జూనియర్‌ని. ఎం.ఇ.జి. అంటే బెంగళూరులో ఉండే మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, సైన్యానికి దారులు, వంతెనలు వేసే దళం. మమ్మల్ని మద్రాస్ సాపర్లంటారు. నక్షత్రం మీద ‘పూర్వీ స్టార్’ అని ఉందేమో చూడండి. అది 1971 యుద్ధంలో తూర్పున చేసినవాళ్ళకిచ్చారు, పడమట చేసినవాళ్ళకి పశ్చిమీ స్టార్. గుండ్రటిది సంగ్రామ్ మెడల్ అయ్యుంటుంది.

తూర్పంటే ఇప్పటి బంగ్లాదేశ్, ఎటు కదిలినా నదే. వంతెనలు కూల్చేసి ఉంటే సైన్యం దాటడానికి సాపర్లే దారి వెయ్యాలి.

ఆరుగురి సంగతి చదివి నాకు గొంతు పట్టేసింది. బెయిలీ బ్రిడ్జి అని ఇనప ప్యానెళ్ళు జోడించి కట్టే వంతెన ఉంటుంది. ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, సుమారు 260 కిలోలు. దాన్ని ఆరుగురు ఎత్తాలి. ఒకడు జారితే మిగతా వాళ్ళ కాళ్ళు నుజ్జయిపోతాయి. బస్తా పెట్టి ఊపడం కూడా మా పద్ధతేనమ్మా. బరువు పెట్టి చూడకుండా మనిషిని పంపం.

జవాబు (శ్రీకాకుళం):
చింతపండు అస్సలు వద్దు, అంచు మీద అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి చాలు. ఆ అంకెలు ఆయన సర్వీసు నంబరు. అది రాసి బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం పెట్టండి. అమ్మమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ సంగతి ఆలస్యం చెయ్యకండి, మరణ ధ్రువపత్రం, తాతగారి పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు కాగితం) పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి.

మనవరాలు:
హిందీలో ‘పూర్వీ’ అనే ఉందండీ. హవల్దార్ గారి మాటలు అమ్మమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెడల్ ఒళ్ళో పెట్టుకుని, ‘మీ అమ్మ పెళ్ళికి పందిరి రాట ఎత్తడానిక్కూడా ఆరుగుర్నే పిలిసినాడే’ అంది.