ఐదేళ్లుగా జావా చేస్తున్నా, కాంట్రాక్టు రెజ్యూమే చూసి రిక్రూటర్లు ఫోన్ చేయట్లేదు. తప్పెక్కడుంది?

ప్రశ్న

అందరికీ నమస్తే. మాది అనంతపురం, ఉండేది హైదరాబాద్ కేపీహెచ్‌బీలో. జావా బ్యాకెండ్‌లో ఐదేళ్ల పైన అనుభవం ఉంది. మొదట ఒక చిన్న కంపెనీలో పర్మనెంటు. 2022 మే నుంచి ఒక థర్డ్ పార్టీ పేరోల్ మీద (జీతం ఒక కంపెనీ ఇస్తుంది, పని వేరే కంపెనీల్లో) మూడు క్లయింట్ల దగ్గర చేశాను: ఒక బ్యాంకు, ఒక ఇన్సూరెన్స్, ఒక టెలికాం. 2025 అక్టోబరులో చివరి కాంట్రాక్టు అయిపోయింది. నౌకరీ సైట్‌లో రోజుకి పది పదిహేను ఉద్యోగాలకి అప్లై చేస్తున్నా. నెల రోజుల్లో వచ్చినవి రెండే కాల్స్. అందులో ఒకావిడ "ఇన్ని కంపెనీలు ఎందుకు మారారు?" అని అడిగి పెట్టేశారు. నేను మారింది ఒక్కసారే! డాలస్‌లో ఉండే మా బావ పంపిన ఫార్మాట్‌లో అన్నీ నింపితే ఏడు పేజీలు వచ్చింది. ఇంట్లో టెన్షన్ మొదలైంది. పేరు, నంబరు తీసేసి రెజ్యూమే పెడుతున్నా. కాస్త చూసి చెప్తారా?

జవాబు (గతంలో రిక్రూటర్‌గా చేసినవారు)

తమ్ముడూ, చనువుగా నువ్వు అంటున్నా, ఏమనుకోకు. మాదాపూర్‌లో ఒక వెండార్ (క్లయింట్లకి మనుషుల్ని వెతికిపెట్టే కంపెనీ) ఆఫీసులో ఆరేళ్లు రిక్రూటర్‌గా చేశాను. నీ రెజ్యూమే ఏడు పేజీలూ చదివాను. మంచి పని చేశావు, కానీ అది ఎవరికీ కనపడని చోట ఉంది.

ఫోన్ చేసినావిడని తప్పు పట్టలేం. మూడు క్లయింట్ల పేర్లూ మూడు కంపెనీల్లాగా పెద్ద అక్షరాల్లో పెట్టావు. జీతం ఇచ్చిన పేరోల్ కంపెనీ పేరేమో కింద చిన్నగా ఉంది. చూసేవాళ్లకి ఐదేళ్లలో నాలుగు ఉద్యోగాలు, ఏ చోటా రెండేళ్లు నిలవలేదు అనిపిస్తుంది. కంపెనీ ఒకటే, క్లయింట్లు మూడు అని మొదటి చూపులోనే తెలియాలి. ఇలా మార్చు. రెజ్యూమే ఇంగ్లిష్‌లోనే ఉండాలి, ఇక్కడ అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నా.

పేరోల్ కంపెనీ పేరు, కాంట్రాక్ట్ కన్సల్టెంట్, మే 2022 – అక్టోబర్ 2025
క్లయింట్: బ్యాంకు, మే 2022 – జూన్ 2023, గడువు పూర్తయింది
క్లయింట్: ఇన్సూరెన్స్, సెప్టెంబర్ 2023 – ఆగస్టు 2024, ఆరు నెలలకి తీసుకుని ఇంకో ఆరు నెలలు పొడిగించారు
క్లయింట్: టెలికాం, సెప్టెంబర్ 2024 – అక్టోబర్ 2025, ప్రాజెక్టు ముగిసింది

ఆ పొడిగింపు సంగతి ఐదో పేజీలో ఒక మూల రాశావు. కాంట్రాక్టులో ఉన్నవాళ్లకి పొడిగింపు అంటే మాటలు కాదు. పని నచ్చకపోతే ఏ క్లయింటూ ఇంకో ఆరు నెలలు డబ్బు పెట్టడు. దాన్ని పైకి తీసుకురా.

ఇక రిక్రూటర్ పని ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది. క్లయింటు పంపిన జేడీ (ఉద్యోగ వివరణ) ఒక పక్క, ఎక్సెల్ ట్రాకర్ ఒక పక్క. ట్రాకర్‌లో గళ్లుంటాయి: మొత్తం అనుభవం, ఆ స్కిల్‌లో అనుభవం, ఇప్పుడున్న ఊరు, ఎక్కడైతే చేస్తారు, నోటీస్ పీరియడ్, ఇప్పటి సీటీసీ (ఏడాది మొత్తం జీతం). సాయంత్రంలోపు ఐదారు ప్రొఫైల్స్ పంపాలి. రిక్రూటర్లలో చాలామంది జావా రాసినవాళ్లు కాదు, జేడీలో ఉన్న మాట నీ రెజ్యూమేలో ఉందా అనే చూస్తారు. కాబట్టి పేరు కిందే రెండు వరుసల్లో పెట్టెయ్యి: జావా బ్యాకెండ్, ఐదేళ్లు, జావా 17, స్ప్రింగ్ బూట్, కాఫ్కా, ఒరాకిల్, హైదరాబాద్, వెంటనే చేరగలను. కాంట్రాక్టర్‌కి ఉన్న పెద్ద బలం ఆ "వెంటనే" అన్న మాట. పర్మనెంటు వాళ్లు చాలామంది అరవై, తొంభై రోజుల నోటీసులో ఉంటారు. నువ్వు దాన్ని ఎక్కడా చెప్పలేదు.

సీటీసీ రెజ్యూమేలో రాయకు, అడిగినప్పుడు చెప్పు. పుట్టిన తేదీ, నాన్నగారి పేరు, ఫొటో, చివర్లో ఆ డిక్లరేషన్ తీసెయ్యి. పాన్, ఆధార్ నంబర్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో ఎవరికీ తెలియదు.

మీ బావ పంపింది అమెరికా కన్సల్టింగ్ ఫార్మాట్. అక్కడ ఆరేడు పేజీలు మామూలే, ప్రతి ప్రాజెక్టు కిందా ఎన్విరాన్‌మెంట్ అని, వాడిన టూల్స్ అన్నిటి పేర్లతో పెద్ద వరుస ఉంటుంది. ఇక్కడ నీ అనుభవానికి రెండు పేజీలు చాలు.

జవాబు (ఇంటర్వ్యూలు తీసుకునే టెక్ లీడ్)

అక్క చెప్పింది రిక్రూటర్ వైపు. నేను ప్యానెల్ వైపు నుంచి ఒక్కటే అడుగుతా. టెలికాం ప్రాజెక్టులో "అప్‌గ్రేడ్ పనుల్లో పాల్గొన్నాను" అని ఒక వరుస ఉంది. అసలు ఏం చేశారు?

అడిగినవారు

పద్నాలుగు సర్వీసులు జావా 8, స్ప్రింగ్ బూట్ 2.7 మీద ఉండేవి అన్నా. వాటిని జావా 17, బూట్ 3కి మార్చాం. అందులో ఆరు నేనే చేశాను. జావాక్స్ అన్న పాత ప్యాకేజీ పేర్లన్నీ జకార్తా అన్న కొత్త పేరుకి మార్చడం ఒకెత్తు, సెక్యూరిటీ కాన్ఫిగరేషన్ ఒకెత్తు. పాత అడాప్టర్ క్లాసు తీసేశారు కదా, ఫిల్టర్ చైన్‌తో మళ్లీ రాయాల్సి వచ్చింది. రెండు సర్వీసుల్లో లాగిన్ తిరగబడితే రాత్రి రెండింటిదాకా కూర్చుని సరిచేశాం.

టెక్ లీడ్

చూశారా, ఇదంతా "పాల్గొన్నాను" అన్న ఒక్క మాట కింద పూడ్చేశారు! బూట్ 3 నడవాలంటే కనీసం జావా 17 కావాలి, అందుకే ఈ పని మిగిలిపోయిన టీములు ఇప్పటికీ చాలా ఉన్నాయి. సరిగ్గా ఇదే చేసిన మనిషిని వెతుకుతుంటారు. ఇలా రాయండి: "పద్నాలుగు సర్వీసుల్లో ఆరింటిని జావా 8 నుంచి 17కి, బూట్ 2.7 నుంచి 3కి నేను మార్చాను. సెక్యూరిటీ భాగం కొత్తగా రాశాను." ప్రతి క్లయింటు కిందా ఇలాంటివి మూడు వరుసలు చాలు. మీరు రాకముందు ఎలా ఉంది, మీరు వచ్చాక ఏం మారింది, అంతే. "టీమ్‌తో కలిసి పనిచేశాను", "మీటింగులకి హాజరయ్యాను" లాంటివన్నీ కొట్టెయ్యండి.

ఒక జాగ్రత్త. స్కిల్స్‌లో కుబర్నెటీస్ (సర్వర్ల మీద సర్వీసుల్ని నడిపే సాధనం) పెట్టారు, ప్రాజెక్టుల్లో ఎక్కడా లేదు. లాగ్స్ చూడటం వరకే తెలిస్తే ఆ మాటే రాయండి. నేనైతే మొదటి ప్రశ్న అక్కడే అడుగుతా.

ఇంకో సభ్యుడు

బ్రో, 2023లో జూలై, ఆగస్టు గ్యాప్ కనపడుతోంది. బ్యాంకు ప్రాజెక్టుని ఆగస్టు దాకా లాగెయ్, ఎవరూ చూడరు.

జవాబు (గతంలో రిక్రూటర్‌గా చేసినవారు)

దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. ఆ రెండు నెలలు బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా) ఉన్నావా తమ్ముడూ, జీతం వచ్చిందా?

అడిగినవారు

బెంచే అక్కా. జీతం ఇవ్వలేదు, పీఎఫ్ కూడా పడలేదు.

జవాబు (గతంలో రిక్రూటర్‌గా చేసినవారు)

అయితే ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో ఆ రెండు నెలలు ఖాళీగానే కనపడతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) హిస్టరీ అడుగుతారు. తేదీలు కలవకపోతే ఆఫర్ వచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చు. అలా చేతిదాకా వచ్చినది పోగొట్టుకుని ఫోన్‌లో ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. రెండు నెలల గ్యాప్ ఎవరికీ అభ్యంతరం కాదు. "ప్రాజెక్టుల మధ్య విరామం, జూలై – ఆగస్టు 2023" అని నువ్వే రాసెయ్యి. ఆ రెండు నెలల్లో ఏదైనా నేర్చుకునుంటే పక్కనే పెట్టు, లేకపోతే వదిలెయ్యి.

ఇంకో ముఖ్యమైన సంగతి, కాంట్రాక్టులో కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. ఒకే క్లయింటు పొజిషన్‌కి నాలుగు వెండార్ల నుంచి కాల్స్ వస్తాయి. అందరికీ సరే అంటే నీ ప్రొఫైల్ నాలుగుసార్లు వెళ్తుంది, డూప్లికేట్ అని పక్కన పెట్టేస్తారు. రెజ్యూమే ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు. క్లయింటు ఎవరో ముందే అడుగు. ఎవరికి ఎప్పుడు సరే అన్నావో ఒక కాగితం మీద రాసుకో. పంపే ముందు మెయిల్‌లో నీ అనుమతి తీసుకోమను. క్లయింటు పేరు చెప్పనివాళ్లకి "ఫలానా చోటికి వేరేవాళ్ల ద్వారా ఇప్పటికే వెళ్లింది" అని చెప్పి ఉంచు.

అడిగినవారు

అక్కా, అన్నా, రాత్రంతా కూర్చుని మార్చాను. రెండు పేజీలకి వచ్చింది. బ్యాంకు కింద మొదటి వరుస ఇలా రాశా: "రాత్రి బ్యాచ్ మూడు గంటలు పట్టేది. ఒక్కో వరుస విడిగా ఇన్సర్ట్ అవుతోందని గుర్తించి, వెయ్యేసి కలిపి పంపేలా మార్చాను. యాభై నిమిషాలకి తగ్గింది." బాగుందా?

టెక్ లీడ్

చాలా బాగుంది. వెయ్యే ఎందుకు, ఐదు వేలు ఎందుకు కాదు అని అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

జవాబు (గతంలో రిక్రూటర్‌గా చేసినవారు)

బాగుంది తమ్ముడూ. ఇంకా రెండు చిన్న సవరణలు. నీ ఫోన్ నంబరు ఉండే చోటు పేజీ హెడర్‌లో ఉంది, స్కిల్స్ రెండు కాలమ్‌ల టేబుల్‌లో ఉన్నాయి. రెజ్యూమేలు చదివే కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్‌లో ఉన్నది చదవవు, టేబుల్స్‌ని కలగాపులగం చేసేస్తాయి. నంబరు లేని ప్రొఫైల్స్ మా దగ్గర అలాగే మిగిలిపోయేవి, పిలుద్దామన్నా దారి ఉండేది కాదు. రెండూ మామూలు వరుసల్లోకి తెచ్చెయ్యి. తర్వాత ఆ ఫైలు తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి. అక్కడ వరుస తప్పకుండా చదవగలిగితే మామూలుగా సాఫ్ట్‌వేర్ కూడా చదువుతుంది.

ఫైలు పేరు "ఫైనల్ కొత్తది 3" అని ఉంది, నీ పేరు, జావా, ఐదేళ్లు అని మార్చు. నౌకరీ ప్రొఫైల్‌లో హెడ్‌లైన్, కీ స్కిల్స్ కూడా ఇదే మాటలతో మార్చి, ఆఫీసులు తెరిచేలోపే అప్‌లోడ్ చెయ్యి. ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లనే వడకట్టి చూస్తారు కాబట్టి నాలుగైదు రోజులకోసారి లాగిన్ అవుతుండు. మొదటి కాల్ రాగానే ఏమడిగారో ఇక్కడ రాయి, తర్వాతి రౌండ్‌కి కలిసి సిద్ధమవుదాం.