ధమనుల్లో ‘పూడిక’ అనవచ్చా?

ప్రశ్న: పీఎక్స్‌ఈ, అంటే స్యూడోజాంథోమా ఎలాస్టికం అనే వంశపారంపర్య జబ్బు గురించి మామూలు పాఠకుల కోసం రాస్తున్నాను. ఇందులో ధమనులకు కాల్సిఫికేషన్, అంటే కాల్షియం ఖనిజం చేరడం, జరుగుతుంది. దాన్ని ‘పూడిక’ అనవచ్చా? లేక ‘సున్నం పేరుకోవడం’ అనాలా?

జవాబు: ‘పూడిక’ మాత్రం వద్దండి. పూడిక అంటే పారే దారిలో చేరేది. కొలెస్ట్రాల్ బ్లాకులకు ఆ మాట సరిపోతుంది. అక్కడ కొవ్వు రక్తాన్ని ఆనుకున్న లోపొరలో చేరి దారిని ఇరుకు చేస్తుంది. పీఎక్స్‌ఈలో దెబ్బ ముఖ్యంగా ధమని గోడ నడిమి పొరకు. అక్కడుండే సాగే పోగులు తునకలై, వాటి మీద కాల్షియం ఫాస్ఫేట్ చేరుతుంది. కాళ్ల ధమనులు ఇరుకై, నాలుగడుగులు వేసేసరికి పిక్కలు పట్టేయడం, ఆగితే తగ్గడం ఈ జబ్బులోనూ ఉంది. కానీ ‘పూడిక’ అని చదివినవాళ్లు తీసేస్తే పోతుంది కదా అనుకుంటారు. గోడలో కలిసిపోయినదాన్ని అలా తీయలేం.

ఆ పోగుల పని మీ వ్యాసంలో తప్పకుండా చెప్పండి. గుండె కొట్టినప్పుడు పెద్ద ధమని కాస్త ఉబ్బుతుంది. మరుక్షణం ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు తోస్తుంది. గోడ బిగుసుకుంటే ఆ ఉబ్బు తగ్గి, నాడి అల, అంటే గుండె దెబ్బకు ధమని వెంట సాగే ఒత్తిడి అల, వేగంగా పరుగెడుతుంది, గుండెకు శ్రమ పెరుగుతుంది. చీలమండ దగ్గర బీపీ చూసేటప్పుడు ఒక్కోసారి పట్టీ ఎంత బిగించినా గట్టిపడ్డ ధమని నొక్కుకోదు. అప్పుడు రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాలికి రక్తం తక్కువగా అందుతున్న సంగతి బయటపడదు.

‘సున్నం’ అంటే తప్పేమీ కాదు గానీ, ఒంట్లో కాల్షియం ఎక్కువైందేమోనని టెన్షన్ పెడుతుంది. వీళ్ల రక్తంలో కాల్షియం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. తగ్గేది పైరోఫాస్ఫేట్, అంటే ఖనిజం గడ్డకట్టకుండా ఆపే పదార్థం. దీనికి మూలం ఏబీసీసీ6 అనే జన్యువులో లోపమని 2000లో తేలింది. ఆ జన్యువు ఎక్కువగా పనిచేసేది కాలేయంలో! కాలేయంలో లోపం, నష్టం మాత్రం ధమనులకు, చర్మానికి, కంటికి. నాకైతే ఈ జబ్బులో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

నా ఓటు ‘గారకట్టడం’కి. పళ్లకు పట్టే గార కూడా చాలావరకు కాల్షియం ఫాస్ఫేటే. గార పట్టకుండా చేసే కొన్ని టూత్‌పేస్టుల్లో కలిపేది కూడా పైరోఫాస్ఫేటే. ఇంత దగ్గరి మాట మన నోట్లో ఉండగా కొత్తది కట్టడం ఎందుకు?

ప్రశ్న: పళ్ల గార పైపైన పడుతుంది కదా. ఇది గోడ లోపల. ‘ధమనీ కాఠిన్యం’ అంటే సరిపోదా?

జవాబు: మీరన్నది నిజమే, అందుకే ‘ధమని నడిపొర గారకట్టడం’ అని పూర్తిగా రాయండి. ‘కాఠిన్యం’ ఫలితాన్ని చెబుతుంది, కారణాన్ని కాదు. వయసు మీద పడ్డా, బీపీ ఎక్కువున్నా ధమనులు గట్టిపడతాయి. నిర్మాణం గురించి రాసేచోట ‘గారకట్టడం’, పనితీరు గురించి రాసేచోట ‘బిగుసుకోవడం’ వాడితే రెండూ కలగాపులగం కావు. ఎన్‌టీ5ఈ జన్యు లోపంతో వచ్చే మరో జబ్బును 2011లో వర్ణించారు. దానికీ ఈ మాటే పనికొస్తుంది. అందులో కాళ్ల ధమనులతో పాటు చేతుల, పాదాల కీళ్ల చుట్టూ కూడా గారకడుతుంది.