ఆస్పరాగస్ మూడో వసంతం: ఎన్ని కోయొచ్చు, ఎప్పుడు ఆపాలి?

న్యూజెర్సీలో పెరట్లో ఆస్పరాగస్ (లేత మొలకల్ని కూరగా తినే మొక్క) పెంచుతున్నామండీ. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో 'మేరీ వాషింగ్టన్' రకం వేరుదుంపలు పది, ఆరంగుళాల లోతు కాలువ తీసి, అడుగున్నర ఎడంలో నాటాను. మొదటి ఏడాది ఒక్క మొలకా కోయలేదు. నిరుడు మాత్రం ఆశ ఆపుకోలేక రెండు వారాలు కోసి, పప్పులో వేశాం. మునక్కాడలా ఉంటుందనుకున్న మా అత్తయ్యగారు ఒక ముక్క తిని, పక్కన పెట్టేశారు లెండి!

ఇప్పుడు మూడో వసంతం. ఆరు మొక్కలకు వేలంత లావు మొలకలు వస్తున్నాయి. మిగతా నాలుగింటికి పెన్సిల్ కన్నా సన్నం. నిరుడు ఆ నాలుగే ఎర్రటి కాయలు కాశాయి, అంటే ఆడమొక్కలు. విత్తనాలకే బలమంతా పోతోందా, లేక నేను తొందరపడి కోయడం వల్లా?

ఈసారి ఆరు వారాలు కోయొచ్చంటున్నారు. సన్నవాటిని ఈ ఏడాది ముట్టకుండా ఆకు విప్పుకోనివ్వనా? ఆడమొక్కల్ని పీకేసి మగవి నాటడం మేలా? చాకుతో మట్టిలోకి కోస్తే పక్క మొగ్గలు తెగుతాయని చేత్తోనే విరుస్తున్నాను, అది సరైనదేనా? పెంచిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.