ఏ మైనర్ (Am) కార్డ్‌కు మధ్య వేలే పెట్టాలా?

కొత్తచెయ్యి:
ఉకులేలే (గిటార్ లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) మీద ఏ మైనర్ కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, మొదలుపెట్టాను. నాలుగో తీగను రెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర ఒక్క వేలితో నొక్కితే చాలు, మిగతా మూడూ ఖాళీ తీగలే. వీడియోల్లో అందరూ మధ్య వేలే వాడుతున్నారు. నాకేమో చూపుడు వేలు హాయిగా ఉంది. కొంపేమైనా మునుగుతుందా?

నాలుగుతీగలు:
మునగదు గానీ ఎఫ్ కార్డ్ దగ్గర తెలిసొస్తుంది. ఎఫ్‌కు ఆ వేలు అక్కడే ఉంచి, రెండో తీగ మొదటి ఫ్రెట్ కూడా నొక్కాలి. మధ్య వేలు ముందే అక్కడుంటే చూపుడు వేలు దించితే సరిపోతుంది. ఉంగరపు వేలు మూడో తీగ రెండో ఫ్రెట్ మీద చేరిస్తే డీ మైనర్. మధ్య వేలు కదలకుండానే మూడు కార్డులు!

పిడికిలి:
ఎప్పుడూ ఇదే వాదన. ఏ మైనర్ తర్వాత ఈ మైనర్ (Em) వస్తే? ఎలాగూ ఆ వేలు లేపాల్సిందే. ముందు శబ్దం శుభ్రంగా రానివ్వండి. మొదటి రోజే ఇన్ని రూల్స్ రుద్దితే వాయిద్యం మూల పడుతుంది.

సగంశ్రుతి:
శబ్దం మాటే అయితే, చూడాల్సింది మూడో తీగ. ఈ కార్డ్‌ను మైనర్ చేసేది ఖాళీగా మోగే ఆ సీ స్వరమే. పైతీగ మీది వేలు కాస్త వాలి దానికి తగిలిందా, అది మూగబోతుంది. ఇక మిగిలే స్వరాలు ఏ, ఈ, ఏ (A, E, A). అది మేజరూ కాదు, మైనరూ కాదు. ఒక్కో తీగా విడిగా మీటి చూడండి.

ఇంకోటి. జీ తీగ (అదే నాలుగోది) పై స్థాయిలో ఉండే మామూలు శ్రుతిలో, నొక్కిన నాలుగో తీగా ఖాళీ మొదటి తీగా అచ్చం ఒకే స్వరం పలకాలి. శ్రుతి సరిగ్గానే ఉన్నా నాలుగోది కాస్త పైకి పోతోందంటే, చాలాసార్లు మరీ గట్టిగా నొక్కుతున్నట్టే.

వేలి విషయంలో నాదీ మధ్య వేలి పక్షమే, కారణం వేరు. దానికి తోడు చూపుడు వేలు మూడో తీగ మొదటి ఫ్రెట్ మీద పెడితే ఏ మేజర్, తీసేస్తే మైనర్. కర్ణాటక సంగీతం మాటల్లో అంతర గాంధారం (పై గ) సాధారణ గాంధారంగా (కింది గ) మారడం చెవికి ఇట్టే తెలుస్తుంది.

పిడికిలి:
ఇది బాగుంది. అయినా అక్కడికి వచ్చినప్పుడు వేలు మార్చుకుంటే పోయేదేముంది?

నాలుగుతీగలు:
అలవాటు పడ్డ వేలు మార్చడం అంత తేలిక కాదండీ.

కొత్తచెయ్యి:
మీటి చూశాను. చూపుడు వేలితో మూడో తీగ మోగుతోంది, మధ్య వేలితో టప్‌మంటోంది! ఎఫ్ వచ్చేదాకా ఇలాగే కానిస్తాను.

సగంశ్రుతి:
తీగలు నొక్కే చేతి గోళ్లు కత్తిరించి మళ్లీ చూడండి. గోరు అడ్డొస్తే వేలి కొన నిటారుగా దిగదు.